ఎలుకలు కొరికిన గొడుగు, కొన్న మా సారు

మా కామర్స్ సారు పోయారు. ఆదివారం పొద్దున్నే ఆ కబురు లాలాగూడవాడు సైకిలు మీద తెచ్చాడు. అంటే నాకంటే ముందు వాడికి తెలిసిందన్నమాట. చదువరులు క్షమించాలి, కన్నీళ్ళకంటే ముందు నాకు వచ్చిన ఆలోచన ఇదే: ఏడవడంలో కూడా వీడే క్లాసు ఫస్టు.

లాలాగూడవాడు మా క్లాసువాడు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాడంటే నాకున్న కుళ్ళు చెప్పకుండా సారు గురించి చెప్పడం నా వల్ల కాదు. అందుకే ముందే ఒప్పేసుకుంటున్నాను.

మా సికింద్రాబాదు బడిలో కామర్స్ ఇష్టమైనవాళ్ళు తీసుకునే సబ్జెక్టు. నిజానికి సైన్సు మాస్టారు వద్దన్నవాళ్ళం పద్నాలుగుమందిమి కొట్టుకొచ్చి అక్కడ తేలాం. గుంటూరు వైపునుంచి వచ్చిన సారు మమ్మల్ని చూసి ఏమాత్రం దిగులుపడలేదు. వ్యాపారపు ఉత్తరం రాయడం, సరుకు ఏ ఊరినుంచి ఏ చేతులు మారి మన వీధికి వస్తుందో చెప్పడం, అన్నీ ఆయన నోట కథలే. కూర్చోబోయే ముందు కుర్చీని ఒకసారి ఉఫ్‌మని ఊదేవారు. బజారులో ఏ వస్తువు చేతికి తీసుకున్నా ఒకటే ప్రశ్న: "ఇందులో లోపమేమిటండీ?"

"లోపమేంది సార్, అవ్వల్ నంబర్ మాల్!" అని దుకాణదారు మండిపడితే, సారు వస్తువు కిందపెట్టి నడిచేవారు. మోండా మార్కెట్లో ఒక అవ్వ మాత్రం, "పురుగులుంటయి అయ్యా, జెర సూసి ఏరుకో," అంది. ఆనాటినుంచి ఆయన ఇంట్లో వంకాయలన్నీ ఆ అవ్వ గంపలోవే.

పోలీసు చర్య రోజుల్లో బడి మూసేశారు. తెరిచాక చూస్తే, సారు గదిలో వదిలిపోయిన గొడుగును ఎలుకలు కొరికిపెట్టాయి. ఊరంతా నిజాం సంగతే మాట్లాడుకుంటుంటే, సారు ఆ గొడుగు తెచ్చి బల్లమీద పెట్టారు.

"రాజ్యం మారింది. పాఠం మారలేదు. దీన్ని నాకు అమ్మండి చూద్దాం."

ఆయన గొడుగు ఆయనకే! నేను లేచాను. "సార్, ఇది మామూలు ఛత్రీ కాదు. బేగంపేటల విమానం దిగిన దొర దీని కింద నడిచిండు. గాలాడాల్నని కిటికీలు సుత పెట్టిచ్చిండు!"

క్లాసంతా బల్లలు చరిచింది. సారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని, "నవ్వించావయ్యా. అమ్మలేదు. కూర్చో," అన్నారు.

తరువాత లాలాగూడవాడు లేచాడు. గొడుగు విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడు బొక్కలున్నయి సార్. వానకు కారుతది. ఎండకైతే పనిజేస్తది."

"ఇటివ్వు," అన్నారు సారు, చెయ్యి చాపి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఏటా ఎండాకాలం రాగానే సారు ఆ గొడుగు వేసుకునే బయటికి వచ్చేవారు. ఎదురుపడ్డప్పుడల్లా లాలాగూడవాణ్ణి పల్లకిలో ఊరేగిస్తున్నట్టుండేది నాకు. వాడివి మూడు ముక్కలు, నాదేమో ఉపన్యాసం! కాలేజీలో చేరాక కూడా నేను ఊరుకోలేదు. సారు కనబడితే ఏదో ఒకటి అమ్మజూపేవాణ్ణి: కలం, క్యాలెండరు, చివరికి నా బీకాం పట్టా. "నవ్వించావయ్యా," అంటూ ముందుకు సాగిపోయేవారు. రెండో మాట ఆయన అనకపోయినా నాకు వినబడేది.

పోయిన వారం ఇద్దరం ఆయన మంచం పక్కన నిలబడ్డాం. "వచ్చే నెల మీరు మోండా మార్కెట్ల వంకాయలు ఏరుతుంటరు సార్, రాసిస్తా," అన్నాను.

సారు సన్నగా నవ్వారు. "ఇదీ అమ్మలేకపోయావు."

"నాకు భయమైతున్నది సార్," అన్నాడు లాలాగూడవాడు.

సారు వాడి చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వదలలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి ఎవరి చెయ్యి పట్టుకున్నాడా అని అసూయపడ్డవాడు ఈ జంటనగరాల్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన అయ్యేసరికి వాన మొదలైంది. సారు భార్య ఇంటినుంచి తెచ్చిన ఆ గొడుగును వాడి చేతికే ఇచ్చారు. వాడు విప్పి నా నెత్తిమీదికి జరిపాడు.

"కారుతది," అన్నాడు.

"తెలుసు తియ్."

గేటు దాకా నడిచాం. కిటికీల జోకు మళ్ళీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అరే, గీ గొడుగు నాక్కావాలె. నువ్వు దీన్ని అమ్మిన దినం నుంచి నువ్వంటే నాకు కుళ్ళు రా. సారు నా దగ్గర ఒక్కటి సుత కొనలే."

వాడు ఆగాడు. ఆ రోజు గొడుగును చూసినట్టే నా మొహాన్ని అటూ ఇటూ చూశాడు. గొడుగు పిడి నా చేతిలో పెట్టి, నెత్తిమీద రుమాలు కప్పుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

వాడు చెప్పినట్టే మూడుచోట్ల కారింది. స్టేషను దగ్గరికి వచ్చేసరికి వాన వెలిసి ఎండ కాసింది. గొడుగు మూయబుద్ధి కాలేదు. రోడ్డుమీద నాకు ముందుగా దాని నీడ, ఆ నీడలో మూడు వెలుగుచుక్కలు, ఇంటిదాకా నడిచాయి.