పటేలు వాకిట్లో గాలి

మొన్న మెదక్‌లో మా మేనమామ విగ్రహానికి ముసుగు తీశారు. పక్క ఊరి పటేలు కొడుకు, ఇప్పుడు పార్టీలో పెద్ద నాయకుడు, మైకు పట్టుకుని "పెద్దాయన మా ఇంట్ల మనిషి లెక్క తిరిగిండు" అని కళ్లొత్తుకుంటుంటే, ముందు వరుస కుర్చీల కోసం తోసుకున్న మావాళ్లంతా చప్పట్లు కొట్టారు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఆ ఇంటి గడప మా మామ చచ్చేదాకా దాటలేదు, ఆయన జీపు నడిపినవాణ్ణి నాకు తెలియదా?

నా ఈడు వాళ్లకు, మండలాలు రాకముందటి పంచాయతీ సమితుల కాలం గుర్తుండే ఉంటుంది. మాదిగవాడ నుంచి వచ్చి సమితి ప్రెసిడెంటు అయిన మామకు సర్కారు ఇచ్చిన జీపు, దిగి తోస్తే గాని కదిలేది కాదు, చాలాసార్లు ధోవతి ఎగ్గట్టి ప్రెసిడెంటుగారే తోసేవారు. ఏ ఊరికి పోయినా పెద్ద ఇళ్ల మర్యాద ఒకటే. పదవి ఉన్నవాణ్ణి నిలబెట్టి పంపలేరు, పుట్టుక తెలిసి లోపలికి పిలవలేరు. ఈ చిక్కుకు ఆ పెద్దమనుషులు కనిపెట్టిన ఉపాయం గాలి. లోపల ఉక్కగా ఉంది, గాలికి కూర్చుందామంటూ మంచం వాకిట్లో వేయించేవారు. చలికాలం కూడా వాళ్లకు ఉక్కే.

కుల్చారం దిక్కు ఆ పటేలు ఇంటికి పోయిన రోజు ముసురు పట్టి ఉంది. అయినా పటేలు తల మీద తువ్వాల కప్పుకుని, "లోపల ఉడకపోస్తున్నది సార్, గిట్ల గాలికి కూసుందాం రాండ్రి" అన్నాడు. మామ తడిమంచం మీద కూర్చుని, నన్ను పిలిచి, "అల్లుడా, వాడోళ్లందర్నీ తోల్కరా పో, గాలి మంచిగున్నది" అన్నాడు. ఆ వాకిట్లోకి చెప్పులు చేతపట్టుకునే వచ్చే మాదిగవాడ మనుషులు ఆ రోజు చెప్పులతోనే వచ్చి కూర్చున్నారు. మంచినీళ్ల బావి దగ్గర ఎవరో ఒకరు దయతలచి తోడి పోసేదాకా ఎండలో నిలబడుతున్నామని ఒక ముసలమ్మ పటేలు మొహం ముందరే చెప్పింది. వాడలో బోరింగు వేయిస్తానని మామ అక్కడే మాటిచ్చి, ఇక నెలనెలా అర్జీలు ఈ వాకిట్లోనే తీసుకుంటానన్నాడు.

తీసుకున్నాడు కూడా. పటేలు ఇంటి ఆడవాళ్లు విసుక్కున్నా, ఊరి పెద్దలు గొణిగినా, నెలనెలా వాడంతా ఆ వాకిట్లో దిగేది. మామను ఒక్కసారి లోపలికి పిలిచి ఉంటే ఆ గోలంతా ఆ రోజే తప్పేది. పటేలుకు ఆ సంగతి తెలుసు. తెలిసీ పిలవలేదు. వాకిలంతా పోయినా ఫరవాలేదు, గడప దక్కితే చాలనుకునే బుద్ధి అది. ఎండలు ముదరకముందే వాడలో బోరింగు పడింది. నాకు ఉడుకెక్కి జీపులో ఏదో అంటే మామ, "లోపలికి పిలిస్తే నేనొక్కన్నే పోదును. బయట కూసోబెట్టిండు గన్క అందరం కూసున్నం" అన్నాడు.

మొన్న సభ అయ్యాక పటేలు కొడుకు నా భుజం మీద చెయ్యేసి, "చాయ్ తాగి పోదురు రాండ్రి అన్నా" అని మెదక్‌లోనే కొత్తగా కట్టిన బంగళాకు తీసుకుపోయాడు. మెట్ల దాకా వెళ్లామో లేదో ఆగి, పనివాడితో వరండాలో కుర్చీలు వేయించాడు. "మీకు ఏసీ పడదేమో, ఈడనే గాలికి కూసుందాం."

నవారు మంచం పోయి మెత్తటి కుర్చీ వచ్చింది. వాడలో ఇంటింటికీ నల్లా వచ్చింది, పిల్లలు డిగ్రీలు చదివారు, చౌరస్తాలో విగ్రహమూ లేచింది. ఇన్ని మారినా ఈ ఇంటివాళ్లకు ఉక్క మాత్రం తగ్గలేదు. ఆ రోజుల్లో ఈ గాలి తగలగానే వాడను తోలుకురమ్మని నన్ను పంపే మనిషి ఉండేవాడు. ఇప్పుడు నన్ను పంపేవాడు లేడు, నేను పిలిస్తే లేచి వచ్చేవాళ్లు ఉన్నారో లేదో తెలియదు. చాయ్ చల్లారిపోతుంటే గేటు వైపు చూస్తూ, ఆ వరండాలో మావాళ్లలో నేనొక్కణ్ణే కూర్చున్నాను.