సముద్ర దోసకాయ కడుపులోని ఇసుక

యాభైల చివరి మాట. కంబదూరు సంతకు ఒక నాటువైద్యుడు గాజుసీసాలో జానెడు నల్లటి జంతువును పెట్టుకుని వచ్చేవాడు. రోగి కడుపులోంచి తన చూర్ణంతో పడగొట్టిన పురుగని చెప్పేవాడు. మా అక్క పేగులో గడ్డ ఉందనీ, కోసి తీయాలనీ అనంతపురం ఆసుపత్రిలో చెప్పారు. కత్తికి భయపడి, ఆమె ఆ చూర్ణమే తాగుతానని పట్టుబట్టి, నన్ను వెంటబెట్టుకుని సంతకు వచ్చింది.

నేనప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. సీసా చూడగానే పోల్చుకున్నాను: అది సముద్రం అడుగున పాకే జీవి, సముద్ర దోసకాయ. సముద్రం ఎరగని మా సీమలో దాన్ని ఏమని చెప్పినా చెల్లుతుంది. మూఢనమ్మకాలను ఎండగట్టే సంస్కరణ సభలకు తిరిగి నేను నేర్చుకున్నది ఒకటే, ఎదుటివాడి సాక్ష్యాన్నే పట్టుకోవాలి.

"కోసి చూపిస్తా, ఇయ్యి," అన్నాను.

"ముట్టుకుంటే నీ కడుపులో దూరుతాది!" అని వైద్యుడు బెదిరించాడు.

"దూరనీలేప్పా, తిన్నదన్నా అరుగుతాది," అంటూ మాంసం కొట్టు సాయిబు తన కత్తి అందించాడు. జనం నవ్వారు. వైద్యుడికి సీసా ఇవ్వక తప్పలేదు.

నిలువునా చీల్చాను. ఒక కొసన నోరు, చుట్టూ కుచ్చుల్లాంటి చేతులు. పేగు అక్కడినుంచి వెనక్కి దిగి, మలుపు తిరిగి నోటివైపు ఎక్కి, మళ్లీ వెనక్కి దిగింది. ఒంటికన్నా ఎంతో పొడుగు. చివర ఒక తిత్తి, దానికి చెట్టుకొమ్మల్లా చీలిన ఊపిరిగొట్టాలు.

"ముడ్డితో ఊపిరి తీస్తాదా!" అన్నాడు సాయిబు.

పేగు చీల్చితే ఇసుక రాలింది.

"ఇదే దీని కూడు. ఇసక మింగి, దానికంటిన కుళ్లునంతా అరిగించుకొని, ఉత్త ఇసక బయటికి వదుల్తాది. మనిషి కడుపులో ఇసక యాడిది?"

"ఆ రోగి మన్ను తినేవాడు," అన్నాడు వైద్యుడు, తడుముకోకుండా.

అక్క ముందుకొచ్చింది. ఏటా ఎండాకాలం పెన్నేటి ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడిన చేతులవి. చిటికెడు తీసి నలిపింది.

"ఇది మన ఏటి ఇసక కాదు. గవ్వపెంకులుండాయి. నీ రోగి మన్ను తినేదానికి సముద్రం కాడికి పోయినాడా సామీ?"

వైద్యుడు మూట సర్దుకున్నాడు.

దారిలో నేను ఊరుకోలేక, బెదిరితే ఆ జంతువు తన పేగులు తానే కక్కేస్తుందనీ, కొన్నాళ్లకు కొత్తవి మొలుస్తాయనీ చెప్పాను. అక్క పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"దానికి మొలుస్తాది. నాకు మొలవదు గదా. ఉన్నదాన్నే బాగు చేయించుకోవల్ల. అనంతపురం బస్సు యాడ నిలుస్తాదో చూడు."