సముద్రం చూపిస్తున్నాడు, మామా

సీరియళ్ళు రాసేవాళ్ళంటే నాకు ఎప్పట్నుంచో కడుపుమంట. ఇంట్లో ఖూనీ జరిగితే చాలు, వాళ్ళ చూపు వంటింటి వైపు తిరుగుతుంది. కొడుకులు ఆస్తి కోసం కొట్టుకుంటుంటారు, మేనేజరు వెనక నుంచి గోతులు తవ్వుతుంటాడు, రెండో పెళ్ళాం పళ్ళు నూరుతుంటుంది. వీళ్ళందరినీ వదిలేసి నేరాన్ని తీసుకెళ్ళి అంట్లు తోమే మనిషి నెత్తిన పెడతారు. ఎవరూ ఊహించలేదు కదా అని వాళ్ళకి సంబరం. ఆ సంబరం వల్ల మా రమణక్క ఏం పోగొట్టుకుందో వాళ్ళకి తెలియదు. తెలిసినా పట్టించుకోరనుకోండి.

నా పేరు సుల్తానా, ఊరు రాయచోటి. మంగఫ్‌లో లేబర్ బిల్డింగులు దాటాక సముద్రం వైపు వెళ్ళే వీధిలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను. మా ఎదురింట్లో రమణమ్మ పనిచేసేది. ఆమెది కోనసీమ, రాజోలు పక్కన. నాకంటే పెద్దది కాబట్టి రమణక్కా అని పిలుస్తాను. మనిషి ఏది చెప్పినా ముఖంతో చెబుతుంది. చర్చిలో పాస్టరు గారి ప్రసంగం ఎలా సాగిందంటే, ఆయన కళ్ళజోడు సర్దుకోవడం దగ్గర్నుంచి చేసి చూపిస్తుంది. ఆమె చెబుతుంటే మనకి వేరే టీవీ అక్కర్లేదు.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తాం. ఆ ఇంటి మామాని అందరూ ఉమ్ ఫహద్ అంటారు, అంటే ఫహద్ వాళ్ళమ్మ. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని తలో దిక్కుకి వెళ్ళిపోయారు. ఆయన కట్టించిన ఇంట్లో మామా, రమణక్క, ఇద్దరే. వాకిట్లో రేగుచెట్టు ఉంది. పళ్ళు రాలే రోజుల్లో మామా తనే వెళ్ళి ఏరుకొచ్చేది. మా మేడ మీద బట్టలు ఆరేస్తూ చూసేదాన్ని. గోడకి చెయ్యి ఆనించి నెమ్మదిగా నడిచేది. మోకాళ్ళ నొప్పులేమో అనుకునేదాన్ని.

నొప్పి మోకాళ్ళది కాదు. షుగరు ఆమె కళ్ళ మీద పడింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేవి కాదు. ఆ సంగతి రమణక్క ఒక్కదానికే తెలుసు. నాకు కూడా అంతా అయిపోయాకే చెప్పింది.

"ఫహద్‌కి తెలిస్తే ఖలాస్. ఈ ఇంటికి తాళం వేసి నన్ను తన ఇంటికి తీసుకుపోతాడు," అనేది మామా. "ఈ గోడలు నాకు తెలుసు రమణా. అక్కడి గోడలు నాకు తెలియవు."

పిల్లలు వచ్చినప్పుడు గొంతు విని అటు తిరిగేది. ముఖం పట్టుకుని చిక్కిపోయావనేది. ఆ మాట అనడానికి ఏ తల్లికీ కళ్ళు అక్కర్లేదు కదా. టీ గ్లాసు ఎక్కడుందో రమణక్క బల్ల మీద చిన్నగా టకటకలాడించి చెప్పేది. అలా ఇద్దరూ కలిసి ఆ ఇంటిని నిలబెట్టుకున్నారు.

వాళ్ళకి అన్నిటికంటే బాగా పనికొచ్చింది రంజాన్ సీరియల్. ఇక్కడ రంజాన్ నెలంతా రోజుకో భాగం వేస్తారు, పండగకి కథ ముగుస్తుంది. ఇఫ్తారు అయ్యాక ఇంటింటా అదే పని, మర్నాడు నోరున్న ప్రతివాళ్ళూ దాని మీద తీర్పు చెప్పేవాళ్ళే. కిందటి రంజాన్‌లో ఒక ఖూనీ కథ వచ్చింది. ముసలి షావుకారు తన గదిలో చచ్చిపడి ఉంటాడు. చంపిందెవరన్నది కథ. పాతవి వెనక్కి తిప్పి, ఆ ఇంట్లో అంతకు ముందు ఏం జరిగిందో కొంచెం కొంచెంగా చూపిస్తూ వచ్చారు.

మామాకి మాటలు అర్థమవుతాయి, బొమ్మ కనపడదు. రమణక్కకి బొమ్మ కనపడుతుంది, మాటలు అర్థం కావు. ఆమెది వంటింటి అరబ్బీ, ఉప్పూ చీపురూ తొందరా దాటి పోదు. అందుకని సోఫాలో మామా, కింద తివాచీ మీద రమణక్క కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

"వాడు నాన్న పోయాడని ఏడుస్తున్నాడు," అనేది మామా.

"కళ్ళలో నీళ్ళు లేవు మామా. గుమ్మం వైపు చూస్తున్నాడు."

"అయితే వాడి మాట నమ్మకు."

అలా ఇద్దరి అభిప్రాయం కలిసి ఒకటయ్యేది. శుక్రవారం పిల్లలంతా ఇఫ్తారుకి వచ్చినప్పుడు మామా ఆ అభిప్రాయాన్ని బల్ల మీద పెట్టేది. షావుకారు చిన్న కోడలు ఫోను ఎప్పుడూ బోర్లా పెడుతుంది, గమనించారా అనేది. ఎవరూ గమనించి ఉండరు. కూతురు హెస్సా నవ్వి, యుమ్మా కళ్ళు గద్ద కళ్ళు అనేది. యుమ్మా అంటే వాళ్ళ భాషలో అమ్మ. గుమ్మం దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డ రమణక్కకి ఆ మాట వింటే కడుపు నిండేది.

ఆ సీరియల్లో కుమారి అని ఒక పనిమనిషి ఉంది. ఎవరో అమ్మాయికి ముఖం నిండా నల్లరంగు పూసి, చీర కట్టీ కట్టనట్టు కట్టి మనదేశపు మనిషన్నారు. ఆ చీర కుచ్చిళ్ళు చూసి నేను నవ్వలేక చచ్చాను. మామాకి మాత్రం కుమారి అంటే ఇష్టం. ముసలాయనకి అన్నం తినిపించేది ఆ పిల్లే, రాత్రి దగ్గితే లేచేది ఆ పిల్లే. "మిస్కీనా, పాపం మంచి పిల్ల," అనేది మామా. "దాని అడుగుల చప్పుడు నీ అడుగుల్లానే ఉంటుంది."

తర్వాత ఒక గురువారం ఆ భాగం వచ్చింది. మా ఇంట్లో కూడా అందరం చూశాం. చాలాసేపు మాటల్లేవు, సంగీతమే. కుమారి ముసలాయన గదిలోకి వెళుతుంది. మాత్రల డబ్బా తీస్తుంది. మాత్రలన్నీ నలిపి గ్లాసులో కలుపుతుంది. ఆయన తల నిమిరి తాగిస్తుంది. మా ఇంటి ఆడవాళ్ళు అమ్మో అని నోళ్ళు నొక్కుకున్నారు. మా మామా తల తిప్పి నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎదురింట్లో మామా అడిగింది. "మాటల్లేవేంటి? ఏం జరుగుతోంది?"

రోజుకి మూడుసార్లు మామాకి మాత్రలు ఇచ్చేది రమణక్కే. మామా అరచెయ్యి చాపుతుంది, రమణక్క మాత్రలు పెడుతుంది, మామా మింగుతుంది. అవి ఏ రంగువో, ఏ డబ్బాలోవో ఆమెకి కనపడవు. ఈ బొమ్మ చెబితే రేపు ఆ చెయ్యి నా ముందు చాపుతుందా అనిపించింది రమణక్కకి.

"ఏం లేదు మామా. సముద్రం చూపిస్తున్నాడు," అంది.

"ఇంతసేపా?"

"చాలా పెద్ద సముద్రం మామా."

మర్నాడు శుక్రవారం. ఇఫ్తారుకి ముందు రొట్టెల దుకాణం దగ్గర వరసలో కలిశాం. డ్రైవర్లూ పనివాళ్ళూ అందరి నోటా కుమారే. నాకు రాత్రి నుంచి మండుతోంది. "చూసినావా అక్కా, ఆఖరికి మన నెత్తినే పెట్టినారు. అన్నం తినిపించిన మనిషి విషం యాడన్నా పెడతాదా? మీ మామా ఏమనింది?" అన్నాను. రమణక్క నా ముఖం చూడలేదు. "ఆవిడకేం తెలుసమ్మా," అని వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి నటించి చూపించి గానీ కదిలేది కాదు. ఏదో జరిగిందనుకున్నాను.

ఆ సాయంత్రం పిల్లలంతా వచ్చారు. హరీసు, సంబూసాలు తినడం అయ్యాక మాట సీరియల్ మీదికి మళ్ళింది.

"ముసలాయన్ని చంపింది రెండో కొడుకే," అంది మామా. "మొదట్నుంచీ చెబుతున్నాను."

హెస్సా నవ్వింది. "ఏంటి యుమ్మా, కుమారి గ్లాసులో మాత్రలు కలిపింది కదా."

"కుమారి ఆ గదిలోకే వెళ్ళలేదు."

"నిన్న చూపించిందంతా అదే కదా."

"నిన్న చూపించింది సముద్రం."

ఫహద్ ఫోను తీసి ఆ భాగం వెతకడం మొదలుపెట్టాడు. హెస్సా మాత్రం గుమ్మం వైపు తిరిగింది. రమణక్క అక్కడే ట్రే పట్టుకుని నిలబడి ఉంది.

"రమణా, నువ్వు పక్కనే కూర్చుంటావు కదా. యుమ్మా కునుకు తీస్తే కథ చెప్పేది నువ్వే కదా. సముద్రమని నువ్వు చెప్పావా?"

రమణక్క ట్రే బల్ల మీద దించింది.

"పనిమనిషి మాత్రలు కలిపిందన్న సంగతి నువ్వెందుకు దాచావు?" అన్నాడు ఫహద్. "యుమ్మాకి మందులు ఇచ్చేది నువ్వే కదా?"

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి నేను. మామాకి తప్పించుకునే దారి చూపించింది హెస్సానే. అవును, కునుకు పట్టింది, ఇదే నాకు తప్పు చెప్పింది అంటే చాలు. కళ్ళ సంగతి కప్పడిపోయేది, ఇల్లు నిలిచేది. రమణక్క ఇఖామా, అదే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, రద్దు చేసి ఆ వారంలోనే విమానం ఎక్కించేవాళ్ళు. ఇంకో మనిషి వచ్చేది. ఇక్కడ అలా అన్నవాళ్ళని నేను చాలామందిని చూశాను. అలా అనడంలో తప్పు కూడా లేదు, రమణక్క అబద్ధం చెప్పిన మాట వాస్తవమే.

మామా పళ్ళెం అంచు తడుముకుని చేతిలో ఉన్న ఖర్జూరం అక్కడ పెట్టింది.

"ఆమెనేం అడుగుతారు. ఆమె నాకేమీ చెప్పలేదు. నాకు కళ్ళు కనపడవు. చాలా కాలమైంది. సంగీతం విని సముద్రమనుకున్నాను," అంది.

ఫహద్ చేతిలో ఫోన్లో ఆ భాగం సంగీతం దానంతటది మోగుతూ ఉంది. హెస్సా లేచి వచ్చి తల్లి ముఖానికి ఎదురుగా చెయ్యి ఆడించింది. తర్వాత ఆ చెయ్యే నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్లలు చెడ్డవాళ్ళు కారు, అది కూడా చెప్పాలి. తల్లిని ఒక్కదాన్నీ వదిలేశామని ఆ రాత్రే బాధపడ్డారు. ఆ బాధలోనే ఇల్లు మూసేశారు. పండగకి ముందే మామాని జహ్రాలో ఉన్న ఫహద్ ఇంటికి తీసుకెళ్ళారు. అక్కడ పనివాళ్ళు ఉన్నారు కాబట్టి రమణక్క ఇఖామా హెస్సా పేరుకి మార్చి వాళ్ళింట్లో పనికి పెట్టారు. మామా కారెక్కే ముందు రేగుచెట్టు మొదలు మీద కాసేపు చెయ్యి పెట్టి నిలబడింది. మేడ మీద నుంచి చూస్తూ నాకే ఏడుపొచ్చింది.

మిగతా సీరియల్ మామా వినలేదు. నేను చూశాను. చంపింది కుమారే అన్నారు. ఎందుకంటే ఏదో పాత పగ అన్నారు. అన్నాళ్ళూ తినిపించిన అన్నం ఏమైందో చెప్పలేదు. ఛీ అని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

చలికాలం రాగానే వీళ్ళకి ఎడారి మీద గాలి మళ్ళుతుంది. మేడలు వదిలేసి గుడారాల్లో చలికి వణకడానికి వెళతారు. ఫహద్‌కి కబ్ద్‌లో తోట ఉంది, మేకలున్నాయి. సెలవు రోజున కుటుంబమంతా అక్కడికి వెళుతూ వంటకి రమణక్కని వెంట తీసుకెళ్ళారు. నాలుగు రోజుల తర్వాత చర్చి నుంచి వస్తూ నా దగ్గర ఆగింది. మా వెనక మెట్ల మీద కూర్చుని అక్కడ జరిగింది చెప్పింది. ఈసారి ముఖంతో ఏమీ చేసి చూపించలేదు.

మామా గుడారం బయట ఎండలో కుర్చీలో కూర్చుని ఉందట. బాగా చిక్కిపోయింది. ఆ ఇంట్లో గోడలు ఇంకా చేతికి రాలేదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప లేవదు. అందుకని లేవడమే మానేసింది. రమణక్క అన్నం గిన్నె మోసుకుంటూ పక్కనుంచి వెళుతుంటే, "రమణా," అని పిలిచింది. అడుగుల చప్పుడు పోల్చింది.

రమణక్క గిన్నె దించి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఆ రోజు సముద్రం చూపించాడా?" అని అడిగింది మామా.

"లేదు మామా."

"మరి ఏం చూపించాడు? ఇప్పుడు చెప్పు."

రమణక్క అంతా చెప్పింది. గదిలోకి వెళ్ళడం, మాత్రలు నలపడం, తల నిమరడం. ఆఖరికి కుమారే చంపిందన్నారని కూడా చెప్పింది. మామా చివరిదాకా విని, అలవాటు ప్రకారం తీర్పు చెప్పింది.

"అయితే రాసినవాడికి ఏమీ తెలియదు. కుమారి అలాంటి పిల్ల కాదు. మనం చూస్తూనే ఉన్నాం కదా మొదట్నుంచీ. నువ్వు ఆ రోజే చెప్పినా నేను ఇదే అనేదాన్ని."

మధ్యాహ్నం మాత్రల వేళయింది. ఫహద్ ఇంటి పనమ్మాయి డబ్బా తీసుకొస్తే, రమణకి ఇవ్వు అంది మామా. అరచెయ్యి చాపింది. రమణక్క పెట్టినవి ఏవో ఎన్నో అడక్కుండా నోట్లో వేసుకుని నీళ్ళు తాగేసింది.

ఇది చెప్పి రమణక్క ఎదురింటి వైపు చూసింది. గేటుకి తాళం ఉంది. లోపల చెట్టు కింద రేగుపళ్ళు రాలి ఎండిపోతున్నాయి.

"ఉన్నదున్నట్టు చెప్పేసుంటే సరిపోయేదమ్మా సుల్తానా," అంది. "రాసినోణ్ణి నాలుగు తిట్టేసి టీ తెమ్మనేది. ఇక్కడే, ఆవిడింట్లోనే ఉండేది. నేనే ఆవిణ్ణి నమ్మలేదమ్మా."