బోరులో వేసిన రాళ్లు

నిన్న మధ్యాహ్నం మా కాలనీ బోరు దగ్గర నీటిమట్టం కొలిచే ఉద్యోగి ఒకాయన, టేపు చివర చిన్న పరికరం కట్టి గొట్టంలోకి దించుతున్నాడు. నీళ్లు తగలగానే అది కుయ్‌మంటుందట. "అయితే రాయి వెయ్యక్కర్లేదన్నమాట!" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కొన్నేళ్ల కిందట జహీరాబాదులో మేం చేసిన నిర్వాకం పాపం ఆయనకేం తెలుసు!

మావారి ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి, అక్కడ నాలుగు వాటాల ఇంట్లో అద్దెకు దిగాం. ఇంటామెను అందరం అక్కా అనేవాళ్లం. కాలవ ఒడ్డున పెరిగిన నాకు, నీళ్లను చెవితో కూడా చూస్తారని ఆవిడ దగ్గరే తెలిసింది. పొద్దున్నే బోరు మూత తీసి, గులకరాయి జారవిడిచి, గొట్టానికి చెవి ఆనించేది. బుడుంగ్‌మంటే ఆ రోజు మాకు బట్టలుతుక్కునే యోగం ఉన్నట్టు. "నా ఇంట్ల ఉన్నోళ్లు ట్యాంకర్ ఎన్క ఉరుకుడేంది? ఫికర్ జెయ్యకుండ్రి" అనేది. అదే ఆవిడ పరువు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పక్కనే ఉన్న కోహీర్ వైపు బావులు ఎండాయని వినగానే మాకు గుబులు పట్టుకుంది. అక్క చెవిని నమ్మలేక ఎవరికి వాళ్లం చాటుగా రాళ్లు వెయ్యడం మొదలుపెట్టాం. పక్కవాటా ఆవిడ కంకర తెచ్చుకుంది. మావారు ఇంజనీరు కదా, చప్పుడు స్పష్టంగా వస్తుందని ఇనప నట్లు వేసేవారు!

నడివేసవిలో బోరు లోపలి మోటరు ఆగింది. మేస్త్రీ వచ్చి లాగితే పైకి రానంది. ఇంకాస్త గట్టిగా లాగేసరికి మోటరు వేలాడే పైపు ఫట్‌మని విరిగి లోపలికే జారిపోయింది.

"మోటర్ సుట్టూ రాళ్లు ఇరికినయక్కా. గిన్ని రాళ్లు ఎవరేసిన్రు?" అన్నాడు మేస్త్రీ.

ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మావారి చెయ్యి జేబులోకి పోయింది. ఆ రోజు వెయ్యాల్సిన నట్టు అందులోనే ఉంది.

"ఇంకో మోటర్ దించరాదా?" అంది అక్క.

"పైపు అడ్డం పడ్డది, దిగదు. బోర్ ఖతమైంది."

అక్కది అలవాటైన చెయ్యి, ఊరుకుంటుందా! కాళ్ల దగ్గర రాయి తీసి గొట్టంలో వేసింది.

బుడుంగ్.

"నీళ్లున్నయ్" అని నేలమీద కూలబడింది. బోరు ఎండిపోయి ఉన్నా నాకంత బాధ ఉండేది కాదు. సాయంత్రం ట్యాంకరు వస్తే, మా అందరి బిందెలూ తనే వరసలో పెట్టి, మాకంటే ముందు నిలబడింది అక్క. కాలం గడిస్తే అన్నీ అడుక్కి చేరతాయంటారు గానీ, ఆ చప్పుడు ఇన్నేళ్లయినా నా చెవుల్లోంచి దిగలేదు.