పొయ్యి ఆర్పమని చెప్పే అవ్వ

పోయిన వారం తెల్లారుజామున మా పక్కింటి అవ్వ పోయింది. పోయిందని నాకెవరూ చెప్పలేదు. ఊర్లో సావు కబురు మోసేది ఆమెనే. ఆమె పోతే చెప్పేదానికి ఇంకెవరుండారు? వాకిట్లో కల్లాపి పడలేదే అని నేనే పోయి చూసినా. ఆమె ఊతకట్టె గోడకు ఆనించినట్టే ఉండాది. ఒంటి మనిషి, మంచం మీద నిద్రపోతాన్నట్టే ఉండాది.

మా ఊరి సంగతి తెలియనోళ్లకు చెప్తాండా. ఈడ ఎవరన్నా పోతే, శవం ఊరు దాటేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించరు. కులం, పార్టీ, పాత పగ, ఏదీ దానికి అడ్డం రాదు. అవ్వ కట్టెతో తలుపు మీద కొట్టి, పొయ్యి ఆర్పండమ్మా, ఫలానా ఆయన పోయినాడు అని చెప్పి ఇంకో ఇంటికి పోయేది. పసిపిల్లోళ్లు ఆకలికి తాళలేరని ఒడిలో బొరుగులు పోసుకొని వచ్చేది. "పెద్దోళ్లకు దుఃఖం, పిల్లోళ్లకు బొరుగులు" అనేది. ఆలూరు తట్టు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన మనిషి, మాటలో సగం కన్నడం, నోరు మాత్రం మహా దురుసు. ఒకసారి నా పొయ్యి మీద పప్పు ఉడుకుతాంటే తానే దించేసి, మీ నాయన పోతే ఊరంతా పస్తుండె, మర్సిపోతివా అని తిట్టింది. ఆ తిట్లు తినే నేను మనిషినైనా.

మా ఊరిని పక్కనున్న టౌను మున్సిపాలిటీలో కలుపుతామని స్కూలు కాడ సభ పెట్టినారు. ఉపాధి పని పోతాదని, ఇంటిపన్ను పెరుగుతాదని మావోళ్లు గొంతులు పోయేలా అరిసినారు. అవ్వ కట్టె ఊతగా లేసి ఆఫీసరును ఒకటే అడిగింది.

"సామీ, కలిపితే అంతా ఒకటే ఊరంటాండారు గదా. రేపు మా ఈదిలో ఒగరు సస్తే, మీ టౌనోళ్లు పొయ్యి ఆర్పుతారా?"

ఆఫీసరు నవ్వినాడు. మావోళ్లలోనూ కొందరు నవ్వినారు. తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతాది.

ఎన్ని అర్జీలు పెట్టుకున్నా కలిపేసినారు. మా ఊరూ, రోడ్డవతల కొత్తగా లేచిన కాలనీ కలిసి ఒకటే వార్డయినాయి. కొన్నాళ్లకు ఒక మధ్యాన్నం, అవ్వా నేనూ అరుగు మీద సంగటి తింటాంటే, కాలనీలోంచి శవాన్ని ఏసుకొని వ్యాను పోయింది. ఎవరో పెద్దాయనంట. మాకెవరూ చెప్పలే. అవ్వ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"వాళ్లు ఆర్పుతారా అని అడిగితి గదమ్మా. మనమే ఆర్పలేదే" అనింది.

వాళ్లు మనోళ్లు కాదులే అవ్వా అని సర్దిచెప్పబోయినా. కలిపినంక కాదంటే ఎట్ల, సావుకు వార్డు నంబరు తెలుస్తాదా అని నా మీదికే లేచింది. కలపొద్దని కొట్లాడిందీ ఆమే, కలిపినంక మనోళ్లే అనిందీ ఆమే. ఆ రాత్రి కూడా ఏమీ తినలే.

అప్పటి నుంచి రోజూ రోడ్డు దాటి పోయి, ఆ కాలనీ గేట్ల కాడ నిలబడి, అందరూ బాగుండారా అని అడిగేది. వాళ్లకేం తెలుసు? అడుక్కునేకి వచ్చిందనుకొని కొందరు చిల్లర ఇయ్యబోయినారు. పొద్దున్నే ఇదేం శకునమని ఒకామె మొగం మీదే గేటేసింది. అయినా అవ్వ పోవడం మాన్లేదు.

ఆమె పోయిన పొద్దు మా ఈదిలో ఎవరూ చెప్పకుండానే పొయ్యిలన్నీ ఆరినాయి. రోడ్డవతల నుంచి మాత్రం కుక్కరు కూత వినపడింది. అవ్వ శవం ఇంకా లేవనే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె కట్టె తీసుకొని బయలుదేరినా. నేను రోడ్డు దాటేసరికి కూత ఆగింది. కాలనీ మొత్తం సద్దు లేదు. ఆ రోజు అవ్వ మొగం మీద మూసిన గేటు ముందరే నిలబడి కట్టెతో కొట్టినా.

ఆ ఇంటామె బయటికొచ్చి మెల్లగా అనింది.

"ఆపేశామక్కా. ఇప్పుడే అవ్వ వచ్చి చెప్పి పోయింది కదా."

ఏ అవ్వ అని అడగబోయి చేతి తట్టు చూసుకున్నా. కట్టె నా చేతిలోనే ఉండాది. ఆమె వెనకాల గడప మీద ఒక చంటిపాప కూచోని, ఒక్కొక్క బొరుగూ ఏరుకొని తింటాండాది.