అమ్మ ఒడిలో ఖైదీ కొడుకు

నా చిన్నప్పుడు మా అమ్మ ఒడిలో చోటు కోసం నేను పోటీపడింది అక్కతోనో తమ్ముడితోనో కాదు, ఒక ఖైదీ కొడుకుతో. ఇప్పుడు చెబితే మా మనవరాళ్లు నవ్వుతారు. అప్పుడు మాత్రం నాకది ప్రాణం మీదికొచ్చిన సంగతి.

మాది గద్వాలకూ రాజోలికీ నడుమ ఒక ఊరు. పేరెందుకులే, ఆనాటి మనుషులెవరూ ఇప్పుడు లేరు. నైజాం కాలం. మా నాయిన గద్వాల షావుకార్లకు చీరలు నేసేవాడు, అమ్మ నూలు ఆసు పోసి కండెలు చుట్టేది. మా ఇంటి వెనక సందు దాటితే సర్కారు కచేరీ, కచేరీ వెనక జైలు. జైలంటే పెద్ద పెద్ద గోడలేమీ కావు. మగవాళ్లకొక గది, ఆడవాళ్లకొక గది, నడుమ వాకిలి. ఆడవాళ్ల గది తాళంచెవి మా పక్కింటి ఖాలమ్మ కొంగుకు ఉండేది. ఆమె భర్త అక్కడ జవానుగా చేస్తూ చనిపోతే, ఆడ ఖైదీలకు గంజీ నీళ్లూ అందించే పని ఆమెకిచ్చారు.

ఆ ఏడు వానలు మొదలుకాకముందు అమ్మకు ఒక కొడుకు పుట్టాడు. పురుడు తీరకముందే పోయాడు. ఆ తర్వాత అమ్మ మాట్లాడడం మానేసింది. కండె చుడుతూ చుడుతూ ఉన్నట్టుండి ఆగిపోయి గోడవైపు చూసేది. ఆ బాధ తెలిసే వయసు కాదు నాది. నాకు తెలిసిందల్లా, అమ్మ మళ్లీ మొత్తంగా నాదైందని. పుట్టబోయేవాడి కోసం నాయిన పక్కకు మార్చిన నా పడక మళ్లీ అమ్మ పక్కకు వచ్చింది. ఆమె పుస్తెలతాడు వేలికి చుట్టుకుని పడుకునేదాన్ని. ఆమెను నవ్వించాలని ఒకసారి నాయిన తలపాగా చుట్టుకుని, బొగ్గుతో మీసాలు గీసుకుని ఎదురుగా నిలబడ్డాను. అమ్మ చూసింది, తల తిప్పుకుంది. అయినా నాకు బెంగలేదు. నవ్వకపోతేనేం, నా దగ్గరే ఉంది కదా.

అప్పుడు ఒక పొద్దున ఖాలమ్మ చింకి గుడ్డలో చుట్టిన పసివాణ్ని తెచ్చింది. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు బొంగురుపోయింది.

"జర చూడు బేటీ. తల్లికి చలిజ్వరం. పాలు ఇంకిపోయినయి. నీళ్లు తాపితే కక్కుతుండు" అంది.

ఎవరి పిల్లవాడు, ఏ కులం, తల్లి ఏం నేరం చేసింది, ఏదీ అడగలేదు మా అమ్మ. చేతిలో కండె పక్కన పెట్టి వాణ్ని అందుకుంది. వాడు పాలు తాగుతుంటే అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. కాసేపటికి వాడు తుమ్మాడు. అమ్మ నవ్వింది.

ఆ నవ్వు నా గుండెలో ముల్లులా దిగింది. మీసాలు గీసుకున్నా నాకు దక్కని నవ్వు, ఈ బోడిగుండువాడు ఒక్క తుమ్ముతో కొట్టేశాడు.

ఇక ఆ రోజునుంచి నాకు అన్నం సహించలేదు. నేను వేలికి చుట్టుకునే పుస్తెలతాడు వాడి గుప్పిట్లోకి పోయింది. అమ్మ మరిచిపోయిందనుకున్న జోలపాట మళ్లీ వచ్చింది, అదీ వాడికే. తలలో పేలు చూడమని అమ్మ ముందు కూర్చుంటే సరిగ్గా అప్పుడే వాడు లేచేవాడు. కడుపునొప్పి అన్నాను. ఒక చేత్తో వాణ్ని పట్టుకుని, ఇంకో చేత్తో నా పొట్ట తడిమి, "ఏం లేదు బిడ్డా, పోయి ఆడుకో" అంది. ఈమెకు దయ పుట్టాలంటే జైల్లో పడాలేమోనని నిజంగా అనుకున్నాను. వాడలో కొందరు ఎవరి బిడ్డకో పాలిస్తున్నదని గొణిగారు. వాళ్ల గొణుగుడు నాకు తీయగా వినబడింది. కానీ అమ్మ వాడికి పాలివ్వడం మానలేదు, నాయిన మగ్గం గుంటలోంచి తలెత్తలేదు.

తల్లి కంటికి కనబడాలని అమ్మ రోజూ వాణ్ని జైలుకు తీసుకెళ్లేది. నేనూ వెంటపడేదాన్ని. వాళ్లిద్దరినీ ఒంటరిగా వదలడం నాకిష్టం లేదు.

మొదటిసారి ఆ గది గడప దాటగానే చెప్పుల్లేని నా కాళ్లకు బురద తగిలింది. గోడకు అవతల ఠాణా పెద్ద అమీన్ సాబ్ గుర్రానికి నీళ్లుపెట్టే తొట్టి. అది కారి కారి, లోపలి నేల ఎప్పుడూ చిత్తడిగా ఉండేదట. కిటికీ లేదు. పైకప్పు కింద పిడికెడు కన్నం, అందులోంచి పడే వెలుతురులో దోమలు. ఒక మూల మూతలేని కుండ, దాని వాసన. గోనెపట్టా మీద ఒకామె ముడుచుకుని వణుకుతోంది. పక్కన మట్టి చిప్పలో పొద్దుటి జొన్న గటక ఎండి పెచ్చులు కట్టింది. ఆమె మా అమ్మకంటే చిన్నది. ముఖం మాత్రం ముసలిది.

ఆమె మెట్టపొలాల రైతుల ఇంటి కోడలు. కౌలు భూమి దగ్గర జరిగిన కొట్లాటలో ఆమె భర్త భూమి గలవాళ్ల మనిషిని కర్రతో కొట్టి, తుంగభద్ర దాటి ఇంగ్లీషు ఇలాకాలోకి పారిపోయాడు. అతను దొరికేదాకా ఉండనీ అని చంటిబిడ్డతో సహా ఆమెను తెచ్చి లోపల పెట్టారు. ఇదంతా ఖాలమ్మే చెప్పింది. ఆ రోజు తిరిగి వస్తూ ఇంకో మాట కూడా అంది.

"తల్లి దక్కేటట్టు లేదు బేటీ. గామె పోతే ఈ పిల్లగానికి ఎవరున్నరు? ఇగ నీ ఇంట్లనే పెరుగుతడు. అల్లానే ఇచ్చిండనుకో."

వెంటనే అమ్మ ముఖంలోకి చూశాను. అమ్మ 'అట్లా అనకు ఖాలమ్మా' అంటుందనుకున్నాను. అనలేదు. వాణ్ని ఇంకాస్త దగ్గరికి హత్తుకుని నడిచింది. ఆమె పెదవుల మీద ఏదో మెరిసి మాయమైంది. అసూయ ఉన్న పిల్లకు కళ్లు బాగా పనిచేస్తాయి. ఆ మెరుపు నేను చూశాను.

అప్పటినుంచి ఆ ఖైదీ బతకాలని నాకంటే ఎక్కువగా కోరుకున్నవాళ్లు ఊళ్లో ఎవరూ ఉండరు. ఆమె బతికితేనే వాడు పోతాడు. దేవుడి పటం ముందు నిలబడి ఆమె కోసం మొక్కుకున్నాను. నాకు పెట్టిన జొన్నరొట్టెలో సగం దాచి ఆమెకు తీసుకెళ్లాను. ఇంత మంచి పిల్లవా అని ఖాలమ్మ నా బుగ్గలు పుణికింది.

దవాఖాన డాక్టరు సాబ్ జైలుకు రాకపోలేదు. కానీ ఆ గది గడప దాటేవాడు కాదు. బయట నిలబడి, లోపలున్నామెకు ఎట్లా ఉందని జవాన్ని అడిగి, జవాను చెప్పిందాన్ని బట్టి పొట్లం ఇచ్చి పోయేవాడు. దగ్గుకూ జ్వరానికీ కడుపునొప్పికీ అదే పొట్లం. అమ్మ అది కనిపెట్టింది. ఒక పొద్దున పిల్లవాణ్ని ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని నేరుగా దవాఖానకు పోయింది. పిల్లవాడికి ఒళ్లు కాలుతోందని చెప్పింది. డాక్టరు సాబ్ వాడి పొట్టా నాలుకా చూసి, చల్లగా ఉన్నాడు కదా అన్నాడు.

"ఇయ్యాల సల్లగున్నడు. తల్లికున్న జ్వరం రేపు ఈనికొస్తది, ఎల్లుండి నాకొస్తది, ఆ మర్నాడు మా వాడకొస్తది. గందరికి మందిచ్చేకంటె జర ఆమె ఒక్కదాన్ని చెయ్యి పట్టి చూడరాదు సాబ్" అంది అమ్మ.

అన్ని రోజుల మౌనం తర్వాత మా అమ్మ అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు. డాక్టరు సాబ్ కోటు తొడుక్కుని గొడుగు తీసుకున్నాడు. జైలు గదిలోకి అడుగుపెట్టగానే ఆయన బూటు బురదలో దిగబడింది. వంగి ఆమె నాడి చూశాడు, కన్రెప్ప తెరిచి చూశాడు. బయటకొచ్చి అమీన్ సాబ్‌తో, "ఈ గదిల నన్ను పెట్టినా జ్వరమొస్తది. మందిచ్చి ఏం ఫాయిదా?" అన్నాడు. అమీన్ సాబ్ ముందు చిరాకుపడ్డాడు. ఖైదీ చస్తే పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలని తోచిందో ఏమో, సాయంత్రానికల్లా ఆమెను గుర్రం జీనులూ ఉలవల బస్తాలూ పెట్టే అర్రలోకి మార్పించాడు. అది పొడిగా ఉండేది. పొద్దుటి ఎండ గడపదాకా వచ్చేది. చలిజ్వరానికి కొయినా మందు కూడా వచ్చింది.

అంతా అయిపోయిందని నేను సంబరపడ్డాను. అసలు గండం అప్పుడే వచ్చింది.

ఎండలో కూర్చోబెట్టిన మరునాడు ఆమె కొంచెం తేరుకుని, బిడ్డను ఇమ్మని చేతులు చాచింది. అమ్మ ఇచ్చింది. వాడు ఆ ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పెదవి విరిచి, బావురుమని మా అమ్మవైపు దూకాడు. అమ్మ రవిక పట్టుకుని ఏడుపు ఆపేశాడు. ఆమె చాచిన చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి.

అప్పుడు ఆమె మా అమ్మను చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్లుగా ఆ పిల్లవాణ్ని నేను చూస్తున్నదీ ఆ చూపుతోనే. పెద్దవాళ్లకు కూడా అట్లాంటిది ఉంటుందని నాకు తెలియదు.

"తీస్కపో అక్కా. ఇగ వాడు నీ కొడుకే" అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ రోజునుంచి మందు మింగలేదు. గంజి ముట్టలేదు. ఖాలమ్మ బతిమిలాడింది, కసిరింది. గోడ మాట్లాడితే ఆమె మాట్లాడాలి.

మరుసటి రోజు వెళ్లినప్పుడు అమ్మ ఆమె పక్కన కూర్చుని, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "వీనితోని పరేషాన్ అయితున్న సెల్లే. పాలు తాగుతడు గాని మనసు ఈడనే. పండుకుంటె ఉలిక్కిపడి లేస్తడు. నిన్న నీ పాత కొంగు ముక్క పక్కలేస్తె గప్పుడు నిద్రపోయిండు. నువ్వు లేచి సంబాళించుకోకుంటె నాతోని కాదు."

నేను నోరు తెరుచుకుని చూశాను. అబద్ధం. పచ్చి అబద్ధం. వాడు మా ఇంట్లో రాజులా నిద్రపోయేవాడు. కొంగు ముక్కా లేదు, ఉలికిపాటూ లేదు. అబద్ధం చెబితే నాలుక మీద వాత పెడతానని నన్ను బెదిరించే మా అమ్మేనా ఇది అనుకున్నాను.

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. అమ్మను నమ్మలేదు. నన్ను చూసింది.

"బిడ్డా, నువ్వు చెప్పు. మీ అమ్మ నా మనసు కోసం చెప్తుందా?"

అమ్మ నావైపు చూడలేదు. తల వంచుకుని పిల్లవాడి గుడ్డ సర్దుతోంది. నేను ఒక్క మాట అంటే చాలు, అంతా తేలిపోతుంది.

"నిజమే. పొద్దుగూకితె సాలు వాకిలి దిక్కు సూసి ఏడుస్తడు. నేనెత్తుకుంటె ఊకోడు. జైలు దిక్కే చెయ్యి సాపుతడు" అన్నాను.

వాడు మా ఇంటినుంచి పోవాలనే నేనట్లా అన్నానా, ఆ చూపును ఇంకొక్క క్షణం చూడలేక అన్నానా? ఇన్నేళ్లు ఆలోచించినా ఆ రెండింటినీ విడదీయలేకపోయాను. ఆమె ఖాలమ్మవైపు అరచెయ్యి చాచింది. ఖాలమ్మ అందులో మందు పెట్టింది. ఆ చేదుకు ఆమె ముఖమంతా ముడుచుకుంది కానీ మింగింది.

ఇంటికి వస్తూ అమ్మ వాణ్ని ఎడమ భుజం మీదికి మార్చుకుని, కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత అమ్మ ఇంకా చాలా చేసింది. జైలుకు పోయేముందు వాడికి పాలిచ్చేది కాదు. ఆకలి మీద తీసుకెళ్లి ఆ తల్లి ఒడిలో వేసి, తాను వాకిట్లోకి వచ్చి వాడికి కనబడకుండా నిలబడేది. వాడు ఏడ్చేవాడు. అమ్మ రవిక తడిసిపోయేది. అయినా లోపలికి పోయేది కాదు. వెల్లుల్లికారం, రొట్టె, పప్పు గిన్నెలో పెట్టి ఆమెకు పంపేది. జ్వరం దిగింది. కొద్దికొద్దిగా ఆమెకు పాలు పడ్డాయి. ఒక రోజు వాడు ఆమె జుట్టు పట్టుకుని లాగి కిలకిలా నవ్వాడు. ఆమె వాకిట్లో ఉన్న అమ్మవైపు తలెత్తి చూసింది. ఆ చూపులో ఈసారి ముల్లు లేదు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎట్లా ఉందో నేను చెప్పలేను.

భార్యకు జ్వరమని నది అవతలిదాకా కబురు పోయింది కాబోలు, ఆ భర్త తనంతట తానే వచ్చి లొంగిపోయాడు. ఆమెను విడిచిపెట్టారు. పుట్టింటివాళ్లు బండి తెచ్చారు. ఆమె మా గడప దగ్గరికి వచ్చి, వాణ్ని చంకలో పెట్టుకుని నిలబడింది. "పోయొస్త అక్కా" అన్నది మాత్రం వినబడింది. వాడు తల్లి చెవి పట్టుకుని ఆడుకుంటూ మా వైపు చూడనైనా లేదు.

గెలిచాననుకుని నేను పరుగున పోయి అమ్మ ఒడిలో కూర్చున్నాను. అమ్మ అబ్బా అని పక్కకు జరిపింది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లయ్యాయి. పాలు ఎండిపోవడానికి ఖాలమ్మ మల్లెపూలు తెచ్చి కట్టింది. ఇల్లంతా మల్లెల వాసన, ఆ వాసనలో అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నేను కోరుకున్న చోటు ఖాళీగా ఉంది. అందులోకి పోయే ధైర్యం నాకు లేకపోయింది.

నేను పెళ్లై, నా మొదటి బిడ్డతో పుట్టింటికి వచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగాను, వాణ్ని మనమే ఉంచుకోవాలని నీకు అనిపించలేదా అని.

అమ్మ నా బిడ్డకు నూనె రాస్తూ, "అనిపించింది బిడ్డా. రోజు అనిపించింది. గామె పోతె బాగుండని ఒక పొద్దు అనిపించింది. గా మర్నాడే డాక్టరు కాడికి పోయిన" అంది.

అసూయ పుట్టకుండా మనిషి ఉండాలని నేను ఎవరికీ చెప్పను. నాకు ఈ వయసులో కూడా పుడుతుంది. మనవడు పక్కింటామె చేతి ముద్ద అడిగితే పుడుతుంది. పుట్టినప్పుడల్లా నేను లేచి, ఎవరి మీద పుట్టిందో వాళ్లకు కావలసిన పని ఒకటి చేసి వస్తాను. అది పోతుందని కాదు. మా అమ్మకూ పోలేదు.