వెనక్కి నడుస్తా కోతిని తరమడం

మోకాళ్ల నొప్పులకని మా వీధి పార్కులో తాయ్‌చీ నేర్చుకుంటా ఉన్నాను. అది చైనావాళ్ల యుద్ధవిద్యే గానీ, చేసేదంతా నిదానంగా. అందులో ఒక భంగిమ పేరు ‘వెనక్కి నడుస్తా కోతిని తరమడం’. తరమాలంటే ముందుకు కదా పోవాల? నేర్పించే సారును అడిగితే, "పేరుతో మనకేం పని? సెయ్యి ముందుకు పెట్టండమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అర్థం తెలీకుండా అడుగు ఎట్లా పడుతుంది?

మా ఇల్లు కపిలతీర్థం పక్కన. మొన్న మిద్దె మీద ఎండిన వడియాలు చేటలోకి ఎత్తుతా ఉంటే, పిట్టగోడ మీదికి ఒక గండుకోతి దిగింది. తిరుపతిలో పుట్టినోళ్లు కోతికి వీపు చూపించరు, చూపిస్తే మీదికి దూకుతుంది. ఒక చేత్తో చేటను నడుముకు ఆనించుకుని, రెండో అరచెయ్యి కోతికి అడ్డంగా చాపి, ఒక్కో అడుగే వెనక్కి వేసినాను. తలుపు దాకా వచ్చినాక చూసుకుంటే, నేను నిలబడింది అచ్చం ఆ భంగిమలోనే.

ఆ పేరు ఎవరు పెట్టినారో ఇప్పటికీ నాకు తెలీదు. ఎవరైనా గానీ, వాళ్లూ మిద్దె మీద ఏదో ఎండబెట్టుకున్నోళ్లే.